సముద్ర భూతము: కోరంగి నుండి గాజుతెర వరకు

పాఠశాల విడిచిన పిమ్మట పిల్లలు గాజుతెర ముందు కూర్చుండి ఆడు ఆటలలో సముద్రయాత్రకు సంబంధించినవి కొన్ని కలవు. వానిలో ఒకటి, జపాను దేశమున నింటెండో సంస్థవారు 2002 డిసెంబరులో విడుదల చేసిన 'విండ్ వేకర్' అనునది. అందు ఒక బాలుడు చిన్న తెరచాప పడవ నెక్కి ద్వీపముల నడుమ తిరుగుచుండును. ఒకచోట నీటిపై సొరచేప రెక్క మాత్రము కనబడి పడవచుట్టు తిరుగును. మరియొకచోట సముద్రపక్షులు గుంపుగా ఒకే తావున ఎగురుచుండును. వాని క్రింద బ్రహ్మాండమైన ఆక్టోపస్ పొంచి ఉండును. ఇంకొకచోట నీరు ఆకాశమునకు లేచి గిరగిర తిరుగుచుండగా, ఆ సుడి శిఖరమున ఒక భూతము కూర్చుండి పడవను ఎత్తి దూరముగా విసరివేయును.

ఉపాధ్యాయులలో పలువురు వీనిని కాలహరణమని త్రోసివేయుదురు. త్రోసివేయుటకు కారణములు లేకపోలేదు. కాని ఈ భూతములను ఎవరు, ఏ సామగ్రితో నిర్మించిరని విచారించినచో, చరిత్ర, జంతుశాస్త్రము, వాతావరణశాస్త్రము మూడును అందు పెనవేసికొని ఉన్నట్లు తెలియును. అంతేకాదు. సుడి శిఖరమున కూర్చున్న ఆ భూతము పేరునకు మూలమైన కథ మన గోదావరి ముఖమున, ఉప్పాడ తీరమునకు ఒక్కపూట ప్రయాణదూరమున నడచినది.

భూతము వేరు, శత్రువు వేరు. చీకటిలో ఏదో కదలినదని భయపడువాడు దానితో పోరాడలేడు. అది ఎట్టి రూపు గలది, ఎట్లు కదలును, వచ్చుటకు ముందు ఏ గుర్తు కనబడును, దానికి లొంగుబాటు ఎక్కడ అని తెలిసిననాడే అది ఎదుర్కొనదగిన శత్రువగును. ఆటలు కల్పించువారు ఈ విషయములను ముందుగా నిర్ణయించుకొని పిదప బొమ్మ గీయుదురు. ఇది నేటి తెలివి కాదు. మన కథకులు దీనిని చాల పూర్వమే ఎరుగుదురు. రామాయణములో హనుమంతుడు సముద్రమును దాటునపుడు ఎదురైనవారు ముగ్గురు. మైనాకుడు ఆతిథ్యమిచ్చు మిత్రుడు. సురస పరీక్షించునది, ఆమెను బలముతో గాక యుక్తితో, శరీరమును పెంచి తగ్గించి, దాటవలెను. సింహిక నిజమైన శత్రువు. ఆమె నీటిపై పడు నీడను పట్టి లాగును, ఆమె మర్మస్థానములు నోటిలోపల ఉన్నవి. ఒకే సముద్రము, మూడు ఘట్టములు, మూడు ఉపాయములు. నేటి ఆటగాడు దీనిని చదివినచో తనకు పరిచితమైన ఏర్పాటే అనుకొనును. గజేంద్రమోక్షములో ఏనుగు నేలపై ఎంత బలవంతమైనను మడుగులో మొసలికి చిక్కును. అనగా శత్రువు బలము అది నిలిచిన చోటును బట్టి ఉండును. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణము ఏడు సముద్రముల ఆవల చిలుకలో ఉన్నది. పల్లెలలో ఆ కథ విన్న ప్రతి పిల్లవానికిని తెలుసు: శత్రువును కొట్టుట ముఖ్యము కాదు, ఎక్కడ కొట్టవలెనో కనుగొనుట ముఖ్యము.

ఇక రూపము సంగతి. సముద్ర భూతములను పరిశీలించినచో అవి పూర్తిగా కల్పితములైనవి అరుదు. దేవాలయములలోని మకరతోరణమును చూడుడు. మొసలి దవడ, ఏనుగు తొండము, చేప తోక. మూడును మన ప్రాంతమువారు ప్రత్యక్షముగా ఎరిగిన జంతువులవే. శిల్పి కొత్తగా చేసినది అతుకు మాత్రమే. పరిమాణమును పెంచుట మరియొక పద్ధతి. పెద్దచేప తిమి, దానిని మ్రింగునది తిమింగిలము, దానిని మ్రింగునది తిమింగిలగిలము. ఈ లెక్కకు అంతము లేదు. వానిలో నడిమిది మాత్రము భూతత్వమును పోగొట్టుకొని, తిమింగలమను మామూలు జంతువు పేరై మన పాఠ్యపుస్తకములలో నిలిచినది.

ఐరోపావారి సముద్ర భూతములును ఇట్టివే. స్వీడనుకు చెందిన ఓలాస్ మాగ్నస్ అను మతాచార్యుడు 1539లో వెనిస్ నగరమున ఉత్తరదేశముల పటమొకటి ముద్రింపించెను. తొమ్మిది పలకలుగా అచ్చయిన ఆ పటములో భూమికంటె సముద్రమే చిత్రముగా ఉండును. ఓడను చుట్టివేసిన ఎఱ్ఱని పాము, ఓడను క్రుంగదీయు దంతముల తిమింగలము, ద్వీపమని భ్రమించి నావికులు వంట చేసికొనుచున్న జంతువు మొదలైనవి అందు కనబడును. ఇరువది ఏండ్లు తిరుగక ముందే కాన్రాడ్ గెస్నర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆ బొమ్మలలో కొన్నిటిని తన జంతుగ్రంథములో చేర్చుకొనెను. ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు ప్రాకి అవి శాస్త్రముగా చలామణి అయినవి. చిత్రమేమనగా అదే పటములో ఐస్‌లాండు తూర్పున గీయబడిన సుడులను, అచట చల్లని నీరును వెచ్చని నీరును కలియు హద్దునకు గుర్తుగా నేటి సముద్రశాస్త్రజ్ఞులు కొందరు భావింతురు. భూతము అబద్ధము, సుడి నిజము!

నావికులు అబద్ధములు చెప్పిరని తీర్మానించుట తొందరపాటు. సముద్రముపై మనుష్యునకు ఏ జంతువును పూర్తిగా కనబడదు. వీపు, రెక్క, తోక, ఒక ముడుత, ఇంతే కనబడును. మిగిలినది నీటిలో ఉండును. గ్రుడ్డివారు ఏనుగును తడవి చూచిన సామెత ఇచట అక్షరాల వర్తించును. త్రాడును చూచి పామనుకొనుట మనకు తెలిసిన భ్రాంతి. సముద్రముపై ఆ త్రాడు కదలుచుండును గూడ. 1848 ఆగస్టు 6వ తేదీన 'డెడలస్' అను ఆంగ్ల యుద్ధనౌక అధికారులు దక్షిణ అట్లాంటికులో తల ఎత్తి పోవుచున్న పెద్ద పామును చూచితిమని నివేదించిరి. ప్రఖ్యాత శరీరశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ అది పెద్ద సీలు జంతువై ఉండునని వాదించెను. వివాదము పత్రికలలో చాల నాళ్లు సాగెను. ఈ 1848వ సంవత్సరమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దానితో పని పడును.

క్రాకెన్ అను భూతము చరిత్ర ఇంకను విలువైనది. నార్వేలో బెర్గెన్ నగరపు బిషప్పు ఎరిక్ పాంటాపిడన్ 1750-60ల నడుమ వ్రాసిన ప్రకృతిచరిత్రలో, మైలున్నర చుట్టుకొలత గల వీపుతో ద్వీపసమూహమువలె తేలు జంతువును వర్ణించెను. అతడు వ్రాసినదానిలో నాకు ఆశ్చర్యము కలిగించునది పరిమాణము కాదు. అది అడుగున ఉన్నచోట పైన చేపలు విస్తారముగా చేరును గనుక జాలరులు భయపడక దాని మీదనే గాలములు వేయుదురట. లోతు తగ్గుచున్నదని తోచినప్పుడు మాత్రము తెడ్లు వేసి తప్పుకొందురట. అది మునుగునపుడు ఏర్పడు సుడియే అసలు అపాయమట. చూడుడు: చోటు, గుర్తు, లాభము, అపాయము, తప్పించుకొను సమయము, అన్నియు ఇందున్నవి. ఆట కల్పించువానికి ఇంతకంటె కావలసినది లేదు.

క్రాకెనుకు ఆధారమైన జంతువు నిజముగా కలదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రుప్ ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఒక ముక్కును పరీక్షించి, 1857లో మహాస్క్విడ్ అను జంతువునకు 'ఆర్కిట్యూథిస్' అను శాస్త్రనామము నిచ్చెను. 1861 నవంబరులో 'అలెక్టాన్' అను ఫ్రెంచి నౌక కనరీ ద్వీపముల దాపున దీనిని త్రాడువేసి లాగబోగా శరీరము తెగి తోకభాగము మాత్రము చేతికి వచ్చినది. ఆ వార్తయే జూల్స్ వెర్న్ 1870 నాటికి పూర్తిచేసిన సముద్రగర్భయాత్ర నవలలోని పోరాటమునకు ఊతమైనది. కాని ప్రాణముతో సముద్రములోతున ఈ జంతువు ఫోటో లభించుటకు 2004 వరకు ఆగవలసి వచ్చినది. జపాను శాస్త్రజ్ఞుడు కుబొడెరా, అతని సహచరుడును ఒగసవారా దీవులవద్ద సుమారు 900 మీటర్ల లోతున ఎరను, కెమేరాను దింపి దానిని సాధించిరి. రెండు శతాబ్దులు ఓడలను ముంచునని భయపెట్టిన జంతువు వెలుగు చొరని లోతులలో బ్రతుకుచు, తానే స్పెర్మ్ తిమింగలమునకు ఆహారమగుచున్నది.

మన తీరమున కథ వేరుగా నడచినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 18వ శతాబ్ది ఎనుబదులలో విశాఖపట్టణమున నివసించి, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. ఆయన 1796లో కోరమండల్ తీరపు పాములపై ఒక గ్రంథమును, 1803లో విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలపై రెండు సంపుటములను లండనులో ప్రకటించెను. తనకు దొరకిన జంతువులకు జాలరులును, ఊరివారును పిలుచు తెలుగు పేర్లను ఆయన రోమను లిపిలో ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనెను. నేడు ఆయన పేరుతోనే పిలువబడు రక్తపింజరికి ఆయన వ్రాసిన పేరు 'కాటుక రేకుల పొడ'. బంగారు పాము అని ఆయన విన్న మాటనుండి 'బంగారస్' అను ప్రజాతి నామము పుట్టి ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. చేపలలో 'జెల్లో' అని ఆయన వ్రాసిన పేరు 1829లో కువియే చేతిలో 'స్ఫిరీనా జెల్లో' అయినది. మన పొలసను, అనగా గోదావరి కెదురెక్కి పులసగా మారు చేపను, అదే కువియే 'పలసా' అను మాటతో నామకరణము చేసెను. ఆ నామము తరువాత నిలువలేదు. సొర అను తీరపు మాటయు 1839లో ఒక సొరచేప శాస్త్రనామమున చేరినది.

ఇందులో గమనింపదగినదేమన, ఐరోపా పండితుడు భూతములు గీయుచున్న సముద్రములోనే జాలరికి పేర్లు ఉన్నవి. సుత్తివంటి తల గల సొర ఒకటి, ఱంపమువంటి ముక్కు గలది ఒకటి, నేలను అంటుకొని ఈదు టేకు ఒకటి, తెడ్డువంటి తోక గల సముద్రపు పాము ఒకటి. విషము గలదానికి విషము గలదనియు, వలను చింపుదానికి చింపుననియు తెలుసు. అంతకుమించి వానికి పగ అంటగట్టలేదు. వలలో పడి పడవలోనికి పూర్తిగా వచ్చిన జంతువు భూతము కాజాలదు. సగము నీటిలో ఉన్నదే భూతము.

పగ అంటగట్టుట వలన జరుగు నష్టము మాటలతో పోవునది కాదు. సముద్రములో అన్నిటికంటె పెద్ద చేప తిమింగల సొర. పెద్దవి పదునెనిమిది మీటర్ల వరకు పెరుగును. 1828లో ఆండ్రూ స్మిత్ దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతమున చిక్కినదానిని చూచి మొదటిసారి శాస్త్రరీతిగా వర్ణించెను. నోరు మనుష్యుని ఇముడ్చుకొనునంత వెడల్పు. పండ్లు మాత్రము బియ్యపు గింజలంతవి, వేలకొలది. అది నీటిని వడగట్టి సూక్ష్మజీవులను, చిరుచేపలను తినును. ఇట్టి సాధువును భూతమనుకొనుటకు దాని కొలత ఒక్కటే చాలినది. గుజరాతు తీరమున కాలేయపు నూనెకొరకు, రెక్కలకొరకు దానిని వేటాడిరి. 2001లో భారతప్రభుత్వము వన్యప్రాణి రక్షణ శాసనపు మొదటి షెడ్యూలులో దానిని చేర్చినది. 2021 డిసెంబరులో విశాఖపట్టణము దగ్గరి తంతడి ఒడ్డున ఒకటి చిక్కుకొనగా అటవీశాఖవారును, జాలరులును కలసి దానిని మరల లోతునకు పంపగలిగిరి. ఱంపపు చేపకు అంత అదృష్టము లేదు. దాని ఱంపము చిన్నచేపలను కొట్టి తినుటకును, ఇసుకలో దాగినవానిని కనిపెట్టుటకును ఏర్పడిన అవయవము. ఆటలలోను, బొమ్మలలోను అది యుద్ధాయుధము. వలలో తేలికగా చిక్కుకొను ఆ ఱంపమే దాని నాశనమునకు కారణమై, నేడు మన తీరములలో అది మిక్కిలి అరుదు. 1975లో అమెరికాలో వచ్చిన 'జాస్' చలనచిత్రము సొరలన్నిటిని నరభక్షకులుగా నిలిపినది. ఆ కథ వ్రాసిన పీటర్ బెంచ్లీయే తరువాతి జీవితమును సొరల రక్షణకు వినియోగించెను.

ఇంతవరకు చెప్పినవి జంతువులు. మన గోదావరి ముఖమును నిజముగా మ్రింగిన భూతమునకు శరీరము లేదు.

కాకినాడకు దక్షిణమున కోరంగి కలదు. నేడు మడఅడవులకు ప్రసిద్ధమైన ఆ చిన్న గ్రామము ఒకప్పుడు ఓడలు నిర్మించు రేవుపట్టణము. 1789 డిసెంబరులో, పోటు మిక్కిలి హెచ్చుగా ఉన్న సమయమున, తీవ్రమైన గాలితో మూడు మహాతరంగములు ఒకదానివెంట ఒకటి వచ్చి ఆ ఊరిపై పడినవి. మొదటిది రేవులోని ఓడలను ఒడ్డునకు విసరినది. రెండవది, మూడవది ఊరిని ముంచివేసినవి. ఇరువదివేలమంది మరణించిరని ఆనాటి వ్రాతలు చెప్పుచున్నవి. ఏబది ఏండ్లకు, 1839 నవంబరు 25న, మరియొక ఉప్పెన వచ్చినది. నలుబది అడుగుల ఎత్తున నీరు లేచినదనియు, మూడులక్షలమంది నశించిరనియు పుస్తకములలో తరచు కనబడును. ఆ సంఖ్య అంతయు ఒక్క కోరంగిదే అనుట నమ్మదగినట్లు లేదు. ఒకరు వ్రాసినదానిని మరియొకరు ఎత్తి వ్రాయుటలో మాగ్నస్ బొమ్మలకు పట్టిన గతియే దీనికిని పట్టినదేమో! పట్టణము మరల పూర్వపు స్థితికి రాలేదనుట మాత్రము నిజము.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అను ఒక ఉద్యోగి ఉండెను. పూర్వాశ్రమమున నావికుడు. బంగాళాఖాతమున గాలివాన వచ్చినపుడెల్ల, అందు చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడ ఉన్నది, గాలి ఎటునుండి వీచినది, భారమితి ఎంత పడినది అని పటముపై గుర్తులు పెట్టుట ఆయన వ్యాపకము. 1839 నాటి కోరంగి తుపానును ఆయన ఈ రీతిగా శోధించి బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. గ్రుడ్డివారు ఏనుగును తడవిన కథను ఆయన తలక్రిందులు చేసెననవచ్చును. ఒక్కొక్క ఓడ ఒక్కొక్క అవయవమును మాత్రమే చూచినది. అందరి మాటలను ఒక్క పటముపై చేర్చగా జంతువు పూర్తి ఆకారము బయటపడినది. అది వలయాకారము. గాలి ఒక కేంద్రముచుట్టు తిరుగుచుండును. ఆ మొత్తము మెల్లగా ముందునకు కదలుచుండును. ఈ ఊహ ఆయనకు ముందే ఉన్నది. 1801లో కర్నల్ జేమ్స్ క్యాపర్ కోరమండల్ తీరపు గాలివానలు సుడిగాలులని వ్రాసెను. అమెరికాలో రెడ్‌ఫీల్డ్, ఆంగ్లేయుడు రీడ్ దానిని బలపరచిరి. పేరు పెట్టినవాడు పిడింగ్టన్. 1848లో, 'డెడలస్' అధికారులు సముద్రసర్పమును చూచిన ఆ సంవత్సరముననే, ఆయన తన నావికశిక్షా గ్రంథములో ఇట్టి గాలివానలకు 'సైక్లోన్' అను పదమును ప్రతిపాదించెను. వలయమను అర్థము గల గ్రీకు మాటనుండి దానిని తీసికొనుచు, ఆ మాటకు పాముచుట్ట అను అర్థము కూడ కలదని ఆయన పేర్కొనెను. ఓడను చుట్టివేసిన పాము బొమ్మ వెనిసు నగరమున అచ్చయిన మూడువందల ఏండ్లకు, నిజముగా ఓడలను చుట్టివేయు పాము ఏదో తేలినది.

ఆ గ్రంథమునకు 'హార్న్ బుక్' అని పేరు. పూర్వము ఇంగ్లండులో పిల్లల అక్షరముల పలకపై పలుచని కొమ్ము రేకును కప్పెడివారు. కావున ఆ మాటకు మన పెద్దబాలశిక్ష వంటిదని అర్థము చెప్పవచ్చును. పుస్తకముతోపాటు పారదర్శకమైన కొమ్ము పలకలు రెండు ఇచ్చిరి. వానిపై గాలివలయములు గీసి ఉండును. నావికుడు పలకను తన పటముపై పెట్టి, తనకు తగులుచున్న గాలి దిక్కునకు సరిపోవునట్లు జరిపినచో, తుపాను కేంద్రము ఏ దిక్కున ఉన్నదో కనబడును. ఎటు పోవలెనో, ఎటు పోరాదో తెలియును.

దీని సూత్రము విద్యార్థులు ఒడ్డున నిలిచియే గ్రహింపవచ్చును. భూభ్రమణము వలన ఉత్తరార్ధగోళమున తుపాను గాలి, గడియారపు ముండ్లు తిరుగు దిశకు వ్యతిరేకముగా తిరుగును. కావున గాలికి ఎదురుగా నిలిచినచో కేంద్రము కుడిచేతి వైపున, ఒకింత వెనుకగా ఉండును. ఉప్పాడలో ఈశాన్యపు గాలి ముఖమునకు కొట్టుచున్నదనుకొనుడు. కుడిచేయి ఆగ్నేయమును చూపును, తుపాను ఆ దిక్కున సముద్రముపై ఉన్నది. గాలి దిక్కు మారుచున్న తీరును బట్టి అది ఏ వైపునకు జరుగుచున్నదో ఊహింపవచ్చును. ఇక ఉప్పెన. కేంద్రమున గాలి ఒత్తిడి తగ్గుటచేత నీరు కొంత ఉబ్బును. ఒక మిల్లీబారు తగ్గినచో ఇంచుమించు ఒక సెంటీమీటరు. అది స్వల్పము. ముఖ్యమైనది, గాలి నీటిని లోతులేని తీరముపైకి నెట్టి ప్రోగుచేయుట. ఆ ప్రోగు పోటు సమయమునకు చేరినదా, కోరంగి గతియే. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది ఇదియే. 1996 నవంబరు 6న తుపాను కాకినాడకు దక్షిణమున తీరమును దాటి వేయిమందికి పైగా ప్రాణములు తీసినది. వారిలో వేటకు పోయి తిరిగిరాని జాలరులు పలువురు.

పిడింగ్టన్ తన సూత్రమును ఎంత నమ్మెననుటకు ఒక నిదర్శనము. కలకత్తాకు దక్షిణమున మాతలా నదిపై కొత్త రేవు కట్టదలచినపుడు, 1853లో ఆయన గవర్నరు జనరలు డల్హౌసీకి లేఖ వ్రాసి, అచటికి ఉప్పెన తప్పదని హెచ్చరించెను. రేవు కట్టిరి. ఆయన 1858లో మరణించెను. 1867 తుపాను ఆ రేవును పాడుచేసినది.

ఇపుడు గాజుతెర వద్దకు మరలుదము. 1978లో జపానులో టోమోహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' అను ఆటను నిర్మించెను. మొదట మనుష్యులను శత్రువులుగా పెట్టు ఆలోచన ఉండెనట; మనుష్యులను కాల్చుట తగదని మానుకొనిరి. వెల్స్ 1898లో వ్రాసిన నవలలో ఆక్టోపస్‌ను పోలిన అంగారకవాసులు ఆయనకు జ్ఞాపకము వచ్చిరి. ఆ విధముగా ఆక్టోపస్, పీత, స్క్విడ్ మూడును ఆకాశమునుండి దిగు శత్రువులైనవి! గళ్ల కాగితముపై విద్యార్థులు వీనిని గీయవచ్చును. మూడింటికి ఎత్తు ఎనిమిది గళ్లు. వెడల్పు స్క్విడ్‌కు ఎనిమిది, పీతకు పదునొకండు, ఆక్టోపస్‌కు పండ్రెండు. చిన్నదానిని కొట్టుట కష్టము గనుక దానికి 30 మార్కులు, పీతకు 20, పెద్దదానికి 10. శత్రువులు తగ్గినకొలది మిగిలినవి వేగముగా కదలును. ఇది మొదట ఉద్దేశించినది కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గగా యంత్రము వేగము హెచ్చినది. నిర్మాత అది బాగున్నదని ఉంచివేసెను. జంతువునకు నడవడి ఈ విధముగా యంత్రమునుండి కూడ పుట్టవచ్చును.

1986లో నింటెండోవారి 'జెల్డా' ఆటలో ఆక్టోపస్ మరల వచ్చినది, నోటినుండి రాళ్లు ఉమియుచు. మొదట చెప్పిన 'విండ్ వేకర్' ఆ వరుసలోనిదే. అందలి మహా ఆక్టోపస్‌కు లొంగుబాటు దాని కన్నులు. మహాస్క్విడ్‌కు నిజముగానే పళ్లెమంత కన్నులు కలవని పాఠకులు గుర్తింతురు గాక. దానికి గుర్తు పైన ఎగురు పక్షులు. పాంటాపిడన్ చెప్పిన జాలరులవలెనే, మన జాలరులును పక్షులు గుమిగూడిన చోట చేపల గుంపు ఉన్నదని ఎరుగుదురు. ఆటలో ఆ శుభసూచకమునే అపాయసూచకముగా త్రిప్పిరి. సుడి శిఖరమున కూర్చున్న భూతమునకు, 2003లో వచ్చిన ఆంగ్లరూపమున, 'సైక్లోస్' అని పేరు. మూడు బాణములు తగిలినచో అది శాంతించి, తన సుడినే వాహనముగా వాడుకొను పాటను బాలునకు నేర్పును. కోరంగిని ముంచినదానికి కలకత్తాలో పెట్టిన పేరు నూటయేబది ఏండ్లకు పైబడి ఆటలోని భూతమునకు తగిలినది. ఆ పాట పిడింగ్టన్ కొమ్ము పలకకు దూరపు చుట్టము. తుపాను అంచు గాలిని వెనుకనుండి తీసికొని వేగముగా ప్రయాణము సాగించు ఓడలను గూర్చి ఆనాటి నావికశాస్త్రము కూడ చర్చించినది.

ఒక భేదము మాత్రము కలదు. ఆట కల్పించువాడు సమాధానమును ముందు పెట్టుకొని ప్రశ్నను తయారుచేయును. ఎక్కడ గురి పెట్టవలెనో అతడే నిర్ణయించెను గనుక అది తప్పక దొరకును. బంగాళాఖాతపు తుపానునకు నడిమి కన్ను కలదు గాని, అందు కొట్టదగిన మర్మము లేదు. ఉన్నవి గుర్తులే. రేవులలో 1 నుండి 11 వరకు ఎగురవేయు ప్రమాద సూచికలు పిడింగ్టన్ వంటివారి లెక్కల సంతతి. అవి శత్రువును జయించుటకు గాదు, తప్పుకొనుటకు.

ఉప్పాడలో ఇంకొక శత్రువు కలదు. దానికి గుర్తులును ఉండవు. గోదావరి తెచ్చిన ఇసుకతో కాకినాడ ఎదుట పదునారు కిలోమీటర్ల పొడవున హోప్ దీవి పెరిగినది. అది కాకినాడ రేవును అలలనుండి కాపాడుచున్నది. కాని దాని ఉత్తరపు కొనను దాటగానే అలలు వంగి ఉప్పాడ తీరముపై కేంద్రీకరించుననియు, దక్షిణమునుండి రావలసిన ఇసుక ఆ దీవివద్దను, రేవువద్దను ఆగిపోవుననియు తీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒకరికి డాలైనది మరియొకరికి దెబ్బ. ఏటేట ఒడ్డు తరిగిపోవుచు, ఇండ్లు, గుడులు, కాకినాడనుండి వచ్చు తీరపు రోడ్డు కోతకు గురియగుచున్నవి. 2010 ప్రాంతమున ఇసుకతో నింపిన పెద్ద గుడ్డ గొట్టములను ఒడ్డువెంబడి గోడగా పేర్చిరి. అలల తాకిడికి అవియు చినిగినవి. రాళ్లు పోసిరి, మరల పోసిరి. రోజుకు వ్రేలి మందమున కొరుకు ఇట్టి శత్రువును ఆటలలో పెట్టరు. పెట్టినచో ఆడువారు ఉండరు.

ఆటలలో పెద్ద శత్రువు ఓడిన పిమ్మట నీటిపై నిధి తేలుట ఆనవాయితీ. ఉప్పాడలోను తుపాను తగ్గిన మరునాడు ఊరివారు పిల్లాజెల్లాతో ఒడ్డునకు వచ్చి, తడి ఇసుకను దువ్వెనలతో గీరి బంగారపు రవ్వలకొరకు వెదకుదురు. 2020 నవంబరులో నివర్ తుపాను పిమ్మట ఇట్లు వెదకి కొందరు రవ్వలు సంపాదించుట పత్రికలలో వచ్చినది. ఆ బంగారము ఎక్కడిదని అడిగినచో, పూర్వము సముద్రములో కలసిపోయిన తమ ఇండ్లదియు, గుడులదియునని వారు చెప్పుదురు.